నిషేధం ఎత్తేశారు, ఇప్పుడు ఆ బీఫ్ మా పాపకు పెట్టొచ్చా?

ప్రశ్న: మేముండే దేశంలో ఒక విదేశం నుంచి వచ్చే బీఫ్ మీద ఏళ్ల తరబడి నిషేధం ఉంది. మ్యాడ్ కౌ వ్యాధి భయంతో అప్పట్లో ఆపారు. ఈమధ్య ఆ దేశంతో వాణిజ్య ఒప్పందం కుదిరిన కొద్ది వారాలకే నిషేధం ఎత్తేశారు. అన్నీ శాస్త్రీయంగా పరిశీలించాకే తెరిచామని ప్రభుత్వం అంటోంది. తల్లుల వాట్సాప్ గ్రూపులో మాత్రం రోజూ తూలిపడే ఆవుల వీడియోలే. మా వారేమో ‘అప్పుడు ఆపిందీ రాజకీయమే, ఇప్పుడు తెరిచిందీ రాజకీయమే, ఊరికే టెన్షన్ పడకు’ అంటారు. పాపకు తొమ్మిదేళ్లు. స్కూల్లో మధ్యాహ్నం భోజనంలో బీఫ్ పెడతారు. మాన్పించాలా? ఎవరి మాట నమ్మాలి? గట్టిగా అడిగితే చదువుకుని కూడా ఇలా భయపడతావేంటి అంటున్నారు. – ఒక తల్లి

జవాబు: ముందు మీ చివరి మాట గురించి. మీరు అడుగుతున్నది తెలివితక్కువ ప్రశ్న కాదు. ‘ఏ ఢోకా లేదు, తినండి’ అని ప్రభుత్వం చెబితే నమ్మి తిన్న జనం ఒకప్పుడు ఉన్నారు. వాళ్లకు ఏం జరిగిందో తెలిస్తే మీ భయాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. బీఫ్ తినాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం, దాని జోలికి నేను పోను. మీరు అడిగింది భద్రత గురించి కాబట్టి ఆ ఒక్కటే మాట్లాడుకుందాం.

బ్రిటన్ పశువైద్యులు ఈ మ్యాడ్ కౌ జబ్బును 1986 నవంబరులో గుర్తించారు. జబ్బు చేసిన పశువు అడుగులు తడబడతాయి, చిన్న చప్పుడుకే బెదురుతుంది, చివరికి లేవలేక కూలబడిపోతుంది. మెదడును సూక్ష్మదర్శినిలో చూస్తే స్పాంజిలా చిల్లులు కనిపిస్తాయి. ఇది పాకింది దాణా వల్ల. కబేళాల్లో మిగిలిన ఎముకలు, పేగులు, మాంసం ముక్కలు ఉడికించి పొడి చేసి, ప్రొటీన్ కోసం మళ్లీ పశువులకే మేపారు. 1988లో ఆ దాణాను ఆపారు. మెదడు, వెన్నుపాము లాంటివి మనుషుల తిండిలోకి రాకూడదని 1989లో నిషేధించారు. రెండూ సరైన పనులే. కానీ అవి ఎందుకు చేస్తున్నారో జనానికి విడమరిచి చెప్పలేదు, బీఫ్‌కు ఏమీ కాదని పదేపదే హామీలు ఇచ్చారు. 1990 మే నెలలో వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ టీవీ కెమెరాల ముందు నాలుగేళ్ల కన్నకూతురికి బర్గర్ అందించారు.

1996 మార్చి 20న ఆరోగ్య మంత్రి స్టీఫెన్ డోరెల్ పార్లమెంటులో లేచి, 10 మందిలో కనిపించిన కొత్త రకం మెదడు జబ్బుకు ఈ పశువుల వ్యాధే కారణమై ఉండే అవకాశం ఎక్కువని ప్రకటించారు. జబ్బుపడినవాళ్లంతా చిన్న వయసువాళ్లు. వారం తిరిగేసరికి బ్రిటన్ బీఫ్ ఏ దేశానికీ పోకుండా యూరోపియన్ యూనియన్ ఎగుమతులు ఆపేసింది. ఆ జబ్బుతో బ్రిటన్‌లో మొత్తం 178 మంది చనిపోయారు.

ఈ వ్యవహారం మీద బ్రిటన్ ప్రభుత్వమే వేసిన ఫిలిప్స్ విచారణ నివేదిక 2000లో వచ్చింది. అందులో ఒక విషయం నన్ను బాగా ఆలోచింపజేసింది. ప్రభుత్వం అబద్ధం ఆడలేదని, మనుషులకు ప్రమాదం చాలా తక్కువని అది నిజంగానే నమ్మిందని ఆ నివేదిక తేల్చింది. అయితే జనం హడలిపోతారేమోనన్న బెంగతో అనుమానాలను అనుమానాలుగా చెప్పకుండా ధైర్యం చెప్పడమే పనిగా పెట్టుకుందని కూడా చెప్పింది. నిజం బయటపడ్డాక జనం మమ్మల్ని మోసం చేశారు అనుకున్నారు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. ఆ తర్వాత ఏ దేశంలోనైనా బీఫ్ గురించి ఏ మంత్రి భరోసా ఇచ్చినా, జనం దాన్ని ఆ బర్గర్ పక్కన పెట్టి చూస్తున్నారు.

ఇది ఒక వైపు. రెండో వైపు కూడా అంతే నిజం. 1996లో లక్షల మంది పోతారని భయపడ్డారు. అంత జరగలేదు. 2016 తర్వాత బ్రిటన్‌లో ఈ జబ్బుతో ఎవరూ చనిపోలేదు. అదృష్టం కొంత ఉండొచ్చు, కానీ పని చేసింది మాత్రం నియమాలు. ఆ నియమాలేమిటో అర్థమైతే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఈ వ్యాధిని కలిగించేది బాక్టీరియా కాదు, వైరస్ కాదు, ప్రియాన్ అనే వంకర తిరిగిన ప్రొటీన్. ఎంత ఉడికించినా అది చావదు. కాబట్టి బాగా వండుకుంటే చాలన్న మాట ఇక్కడ చెల్లదు. అయితే అది పశువు ఒళ్లంతా సమానంగా ఉండదు. మెదడు, కళ్లు, వెన్నుపాము, వెన్ను పక్కన ఉండే నాడీ కణుపులు, టాన్సిల్స్, చిన్న పేగు చివరి భాగం, వీటిలోనే పోగవుతుంది. కబేళాలోనే వీటిని వేరుచేసి పారేస్తే మిగిలిన కండ మాంసంతో ప్రమాదం చాలా చాలా తక్కువ. ఇంకొకటి వయసు. జబ్బు అంటుకున్న పశువులో లక్షణాలు కనబడటానికి సగటున 4, 5 ఏళ్లు పడుతుంది. లేత పశువులో ప్రియాన్ మెదడు దాకా చేరి ఉండే అవకాశం తక్కువ. మీరు వార్తల్లో చూసే ‘30 నెలలు’ అన్న లెక్క అక్కణ్నుంచి వచ్చింది. అంతకన్నా పెద్ద పశువు మాంసం మనుషుల తిండిలోకి రాకూడదని 1996లో బ్రిటనే పెట్టుకుంది.

కాబట్టి ఏదైనా దేశం దిగుమతి తెరిచిందంటే, తెరిచారా లేదా అన్నదాని కన్నా ఏ షరతుల మీద తెరిచారన్నది చూడాలి. పశువు వయసుకు పరిమితి ఉందా? ప్రమాదకర భాగాలు తీసేయాలన్న జాబితాలో ఏమేం ఉన్నాయి? అవతలి దేశపు కబేళాలను మన అధికారులు వెళ్లి చూడొచ్చా? రేపు అక్కడ కొత్త కేసు బయటపడితే, ఎవరి అనుమతీ లేకుండా ఆపేసే హక్కు మనకుందా? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ చివరి ప్రశ్న. ఎందుకో 2008లో దక్షిణ కొరియాలో జరిగింది చూస్తే తెలుస్తుంది.

2003 డిసెంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక ఆవుకు ఈ వ్యాధి తేలింది. జపాన్, కొరియా వెంటనే అమెరికా బీఫ్ ఆపేశాయి. 2008 ఏప్రిల్ 18న, అధ్యక్షుడు లీ మ్యుంగ్-బాక్ అమెరికా అధ్యక్షుడిని కలవబోతున్న సమయంలోనే, కొరియా తలుపులు దాదాపు బార్లా తెరిచేసింది. అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి అడ్డు తొలగించడానికే అని అందరికీ అర్థమైంది. మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న వాదన లాంటిదే అక్కడా మొదలైంది. మే 2న కొవ్వొత్తులు పట్టుకుని సోల్ వీధుల్లోకి మొదట వచ్చినవాళ్లలో చాలామంది హైస్కూలు అమ్మాయిలు. మా స్కూలు భోజనంలో ఏం పెడతారో మేం నిర్ణయించుకోలేం కదా అన్నది వాళ్ల బాధ. జూన్ 10 నాటికి అది, నిర్వాహకుల లెక్క ప్రకారం, లక్షల మంది ప్రదర్శనగా మారింది. అధ్యక్షుడు రెండుసార్లు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

వాళ్లను అంతగా రగిలించింది జబ్బు భయం ఒక్కటే కాదు. ఒప్పందంలో ఒక షరతు ఉంది. అమెరికాలో మళ్లీ కేసు బయటపడినా, పశు ఆరోగ్యం చూసే అంతర్జాతీయ సంస్థ ఆ దేశం స్థాయిని తగ్గిస్తే తప్ప కొరియా దిగుమతి ఆపకూడదు. అంటే తన ఇంటి తలుపు గడియ పక్కింటివాడి చేతికి ఇచ్చినట్టు. గొడవ పెరిగాక ఆ షరతును సడలించారు. 30 నెలలు దాటిన పశువుల మాంసం పంపబోమని ఎగుమతిదారులు ఒప్పుకున్నారు. ఇంకా విడ్డూరం, కేసు వస్తే తక్షణం ఆపేస్తామని కొరియా ప్రభుత్వం 2008లో పత్రికల్లో ప్రకటనలిచ్చింది. 2012 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో ఒక కేసు వచ్చినప్పుడు తనిఖీలు పెంచింది గానీ దిగుమతి ఆపలేదు. శాస్త్రం ప్రకారం ఆపాల్సిన పని లేకపోవచ్చు. ఆ ఆవుకు వచ్చింది ముసలి పశువుల్లో అరుదుగా దానంతట అదే వచ్చే రకం, దాణాతో పాకినది కాదు. కానీ మాట ఇచ్చి తప్పారు కదా. పేపర్లో వేసిన హామీ వేరు, నిబంధనలో రాసిన హక్కు వేరు. మీ దేశంలో ఏది ఉందో వెతకండి.

ఇక మీ గ్రూపులో తిరుగుతున్న వీడియోల సంగతి. కొరియా గొడవకు నిప్పు పెట్టింది కూడా అలాంటి దృశ్యాలే. 2008 ఏప్రిల్ 29న అక్కడి ఒక టీవీ కార్యక్రమం, లేవలేక పడిపోతున్న ఆవులను ఫోర్క్‌లిఫ్ట్‌తో నెట్టుకుపోతున్న దృశ్యాలు చూపించి, మ్యాడ్ కౌ అన్న భావన కలిగించింది. ఆ దృశ్యాలు కాలిఫోర్నియాలోని ఒక కబేళాలో జంతు సంక్షేమ సంస్థవాళ్లు రహస్యంగా తీసినవి. ఆ ఆవులకు మ్యాడ్ కౌ ఉందని రుజువు కాలేదు. ఆవు కూలబడటానికి కాలు విరగడం, ఈనాక కాల్షియం పడిపోవడం లాంటి కారణాలు చాలా ఉంటాయి. కార్యక్రమంలో కొన్ని భాగాలు వాస్తవం కాదని కోర్టులు తేల్చాయి. అయినా ప్రజలకు సంబంధించిన విషయం మీద ప్రభుత్వాన్ని ప్రశ్నించడం నేరం కాదంటూ తీసినవాళ్లను నిర్దోషులుగా వదిలేశాయి. నాకు ఆ తీర్పు న్యాయంగా తోచింది.

అలాగని వీడియో మొత్తం ఉత్తిదని కొట్టేయకూడదు. నడవలేని పశువును కోతకు పంపకూడదన్న నియమాన్ని అక్కడ నిజంగానే తుంగలో తొక్కారు. ఆ దృశ్యాలు బయటికొచ్చాక 2008 ఫిబ్రవరిలో ఆ కబేళా నుంచి వెళ్లిన దాదాపు 6.5 కోట్ల కిలోల మాంసాన్ని వెనక్కి రప్పించారు. అప్పటికి అమెరికాలో అంత పెద్ద బీఫ్ రీకాల్ ఇంకోటి లేదు. గ్రూపులో ఎవరైనా వీడియో పంపితే ఇది ఎక్కడిది, ఏ ఏటిది, దీని తర్వాత ఏం జరిగింది అని అడగండి. జవాబు లేకపోతే అంతటితో వదిలేయండి.

మీ వారి మాటకు వస్తాను. ఆపడమూ తెరవడమూ రెండూ రాజకీయమే అన్నది నిజం. 2003 మేలో కెనడాలోని అల్బర్టాలో ఒకే ఒక్క ఆవుకు వ్యాధి తేలగానే అమెరికా సరిహద్దు మూసేసింది. కెనడా పశువులు రాకపోతే తమ పశువులకు ధర బాగుంటుందని చూసుకున్న అమెరికా రైతుల సంఘం ఒకటి, ప్రజల ఆరోగ్యం పేరుతో కోర్టుకెళ్లి మరీ ఆ గేటు మూసి ఉంచడానికి పోరాడింది. ఏడు నెలలకు అమెరికాలోనే కేసు తేలింది, అదీ కెనడా నుంచి వచ్చిన ఆవే. అంతే, జపాన్, కొరియాలు తలుపు మూసేసరికి సైన్స్ ప్రకారం నడుచుకోండి అని వాళ్లకు చెప్పడం అమెరికా వంతైంది. 2020లో కోవిడ్ పుట్టుక మీద విచారణ జరపాలని ఆస్ట్రేలియా అడిగిన కొద్ది వారాలకే, అక్కడి నాలుగు కబేళాల నుంచి బీఫ్‌ను చైనా ఆపేసింది. లేబుళ్లు, సర్టిఫికెట్లు సరిగా లేవన్నది చెప్పిన కారణం. యూరప్ 1989 నుంచి హార్మోన్లు ఎక్కించిన పశువుల మాంసాన్ని రానివ్వడం లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఓడిపోయింది, ఎదురు సుంకాలు భరించింది, చివరికి హార్మోన్లు లేని బీఫ్‌కు కోటా ఇచ్చి రాజీపడింది గానీ నిషేధం మాత్రం ఎత్తలేదు.

అయితే మీ వారు అక్కడే ఆగిపోయారు. నిర్ణయం వెనక రాజకీయం ఉందని తెలిసినంత మాత్రాన మాంసం గురించి మనకు ఏమీ తెలియదు, మంచిదనీ తెలియదు, చెడ్డదనీ తెలియదు. చెడ్డ ఉద్దేశంతో తీసుకున్న నిర్ణయం కూడా ఆరోగ్యం లెక్కన సరైనది కావొచ్చు. మంచి మనసుతో ఇచ్చిన భరోసా కూడా బ్రిటన్‌లోలా తప్పు కావొచ్చు. అందుకే టెన్షన్ పడకు అన్నది జవాబు కాదు. ఏ షరతులున్నాయో ఇద్దరూ కలిసి కూర్చుని చదవండి. సాధారణంగా వ్యవసాయ శాఖ లేదా ఆహార భద్రతా సంస్థ వెబ్‌సైట్లో దిగుమతి నిబంధనలు పెడతారు.

సైన్స్ అన్న మాటను కూడా రెండు వైపులా వాడుకుంటారని ఇంకో ఉదంతం చెబుతుంది. అమెరికాలోని కాన్సస్‌లో క్రీక్‌స్టోన్ ఫార్మ్స్ అనే సంస్థ, జపాన్ కొనుగోలుదారుల నమ్మకం తిరిగి తెచ్చుకోవడానికి తన కబేళాకు వచ్చే ప్రతి పశువుకూ సొంత ఖర్చుతో పరీక్ష చేయిస్తానంది. అప్పటికే జపాన్ 2001 అక్టోబరు నుంచి తన దేశంలో కోసే ప్రతి పశువునూ పరీక్షిస్తోంది. అమెరికా వ్యవసాయ శాఖ మాత్రం ఒప్పుకోలేదు. పరీక్ష కిట్ల మీద అధికారం తమదేనని 1913 నాటి చట్టం చూపించింది. లేత పశువుల్లో ఆ పరీక్ష జబ్బును పట్టుకోలేదు, ఉత్తుత్తి భరోసా అవుతుంది అని వాదించింది. ఆ వాదన శాస్త్రీయంగా తప్పు కాదు. కానీ పెద్ద మాంసం కంపెనీలు కూడా దీన్ని వద్దన్నాయి. ఒకరు మొదలుపెడితే అందరూ చేయాల్సి వస్తుందన్నది వాళ్ల బెంగ. కేసు కోర్టుకెక్కింది. కింది కోర్టులో సంస్థ గెలిచింది, 2008 ఆగస్టులో అప్పీలులో ఓడిపోయింది. కొనేవాడు అడుగుతున్నాడు, అమ్మేవాడు డబ్బు పెట్టుకుని చేస్తానంటున్నాడు, ప్రభుత్వం అడ్డు చెప్పింది. పరీక్ష వల్ల వచ్చే లాభం తక్కువే కావొచ్చు, దాన్ని ఆపడం వల్ల పోయిన నమ్మకం మాత్రం ఎక్కువ అని నా అభిప్రాయం.

జపాన్‌దే ఇంకో సంగతి. 2005 డిసెంబరులో అమెరికా బీఫ్‌కు తలుపు తెరిచారు. 2006 జనవరిలో వచ్చిన ఒక సరుకులో, ఒప్పందం ప్రకారం రాకూడని వెన్నెముక కనిపించింది. విమానాశ్రయంలో తనిఖీ చేస్తుంటే దొరికింది. వెంటనే మళ్లీ మూసేశారు, జూలై దాకా తెరవలేదు. షరతు రాసుకున్నారు, పెట్టె విప్పి చూశారు, తప్పు దొరికాక ఆపారు. మీ దేశంలో అలా పెట్టెలు విప్పి చూసే ఏర్పాటు ఉందో లేదో తెలుసుకుంటే, మంత్రి చెప్పే మాటల కన్నా అది మీకు ఎక్కువ ధైర్యాన్నిస్తుంది.

ఇప్పుడు పాప విషయం. వయసు పరిమితీ, ప్రమాదకర భాగాలు తీసేయాలన్న నియమమూ మీ దేశపు నిబంధనల్లో ఉంటే, మ్యాడ్ కౌ భయంతో మాన్పించాల్సిన అవసరం నాకైతే కనబడటం లేదు. అవి లేకపోతే, లేదా అడిగినా చెప్పకపోతే, ఆ దేశపు మాంసం వరకు పక్కన పెట్టడం అతి జాగ్రత్త ఏమీ కాదు. ఇంట్లో ముక్కలుగా ఉన్న కండ మాంసం కొనుక్కోండి. యంత్రంతో ఎముకల నుంచి గీకి తీసిన మాంసం కలిసిన రెడీమేడ్ సరుకులకు మాత్రం దూరంగా ఉండండి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మీ ఉత్తరంలో లేని విషయం. బీఫ్ వల్ల పిల్లలకు నిజంగా, తరచుగా వచ్చే ప్రమాదం ఈ.కోలై లాంటి బాక్టీరియా. దానికి దేశం, సరిహద్దు, ఒప్పందం ఏదీ పట్టదు, స్వదేశీ మాంసంలోనూ ఉంటుంది. 1993లో అమెరికాలో ఒక హోటళ్ల గొలుసులో సరిగా ఉడకని హ్యాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ముక్క మాంసంలో ఆ బాక్టీరియా ఎక్కువగా పైపైనే ఉంటుంది, కాల్చగానే పోతుంది. ఖీమా చేసినప్పుడు పైనున్నది లోపలికి కలిసిపోతుంది. లోపలి భాగం 71 డిగ్రీల సెల్సియస్ చేరితే చచ్చిపోతుంది. రంగు చూసి ఉడికిందనుకోవద్దు, అంత వేడి చేరకముందే గోధుమ రంగుకు తిరిగే ఖీమా కూడా ఉంటుంది. విదేశీ ఆవు గురించి రోజూ వాదించుకునే గ్రూపులో ఈ మాట ఎవరైనా ఒక్కసారైనా అన్నారా?

స్కూలుకు ఒక ఉత్తరం రాయండి. గొడవ పెట్టుకుంటున్నట్టు కాకుండా మామూలుగా, వీలైతే ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల సంతకాలతో. భోజనంలో వాడే బీఫ్ ఏ దేశానిది, ముక్కలుగా వస్తుందా, ఖీమాగానో ముందే తయారుచేసిన ప్యాటీలుగానో వస్తుందా, వండేటప్పుడు లోపలి వేడిని థర్మామీటర్ పెట్టి చూస్తారా, ఇంతవరకు అడగండి. జవాబు రాతపూర్వకంగా ఇవ్వమనండి. సరఫరాదారు మారితే తెలియజేయమని కూడా ఒక వాక్యం చేర్చండి.